ఒంటరిగానా, బ్యాండుగానా, తోటివారి నడుమనా: స్వతంత్ర సంగీతకారులకు ఏది మేలు?

ఏ సంస్థకూ కట్టుబడకుండా సొంతంగా పాటలు చేసుకునేవారు ఇద్దరు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా కాసేపటికి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది: మీరు ఒక్కరే చేస్తారా, బ్యాండు ఉందా? పైకి ఇది పని పద్ధతి గురించిన విచారణలా వినిపిస్తుంది గాని, దాని వెనుక ఉన్నది వేరు. ఆ పాటలో వినిపించే మనిషి ఎవరు, ఆ మనిషిని ఎవరు తీర్చిదిద్దారు, అది ఎవరి కోసం పుట్టింది అన్న మూడు సంగతులూ ఈ ఒక్క జవాబులోనే బయటపడతాయి. నేను నాలుగేళ్ళు బ్యాండులో వాయించాను, ఆ తరువాత చాలాకాలం ఒంటరిగా పనిచేశాను, ఇప్పుడు ఎవరి పాట వారు చేసుకుంటూ వారానికి ఒకసారి కూడి ఒకరి పని మరొకరు వినే చిన్న కూటమిలో ఉన్నాను. ఈ మూడు దారుల్లో ఏది మేలన్నది తేల్చడానికి ఆదాయం లెక్కలకంటే, ఒక్కో దారి మన గొంతును ఏం చేస్తుందన్నది చూడడమే సరైన కొలత అని నా అభిప్రాయం.

ఒంటరి దారి నిజానికి అంత పాతది కాదు. ఒక గొంతు మీద మరో గొంతు, దాని మీద ఒక వాయిద్యం పొరలుగా చేర్చాలంటే ఒకప్పుడు గంటకింత అని చెల్లించి స్టూడియోకు వెళ్ళాల్సిందే. 1979లో టియాక్ సంస్థ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేయగల పోర్టాస్టూడియోను తెచ్చాక ఆ పని ఇంటి బల్ల మీదకు వచ్చింది. నాలుగు ట్రాకులు చాలకపోతే మూడింటిని కలిపి నాలుగోదానిలోకి ఎక్కించి, ఖాళీ అయిన మూడింటినీ మళ్ళీ వాడుకునేవారు. అయితే అలా ఎక్కించిన ప్రతిసారీ టేపు బుస పెరిగేది, కలిపిన వాటిని మళ్ళీ విడదీసే వీలూ ఉండేది కాదు. ఆ ఇబ్బంది వల్ల ఒక మేలు కూడా జరిగింది, ఏది పైకి వినిపించాలో ఏది వెనక్కి తగ్గాలో అక్కడికక్కడే తేల్చుకోక తప్పేది కాదు. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వంద ట్రాకులు తెరుచుకుంటాయి కాబట్టి ఏ నిర్ణయాన్నైనా రేపటికి వాయిదా వేయవచ్చు, ఒంటరిగా పనిచేసేవారి పాటలు ఏళ్ళ తరబడి పూర్తికాకుండా ఉండిపోవడానికి ప్రతిభాలోపం కంటే ఈ వెసులుబాటే పెద్ద కారణమని నేను చెబుతాను.

ఒంటరితనం ఇచ్చేది ఒకటుంది, దానిని మరే దారీ ఇవ్వలేదు. అది సిగ్గు లేకుండా తప్పు పాడే స్వేచ్ఛ. అమెరికన్ గాయకుడు జస్టిన్ వెర్నన్ తన పాత బ్యాండు విడిపోయి, ఒంట్లో బాగాలేని దశలో, 2006 చివర విస్కాన్సిన్ అడవిలో తండ్రికి చెందిన ఒక చిన్న ఇంటికి వెళ్ళి ఆ చలికాలమంతా అక్కడే గడిపాడు. అంతకుముందు తన సహజమైన మంద్ర స్వరంలో పాడే ఆయన, అక్కడ వినేవారెవరూ లేనందువల్లనే అనాలి, పైస్థాయి దొంగగొంతులో పాడుతూ ఒకదాని మీద ఒకటిగా తన గొంతునే పొరలు పేర్చాడు. బాన్ ఐవర్ అన్న పేరుతో 2007లో సొంతంగా విడుదల చేసిన ఆ పాటలు ఆయన గుర్తింపును పూర్తిగా మార్చివేశాయి. నలుగురు స్నేహితుల ముందు సాధన గదిలో నిలబడి ఆ గొంతును మొదటిసారి ప్రయత్నించి ఉంటే రెండో పంక్తికే ఎవరో ఒకరు నవ్వి ఉండేవారేమో. ఆ పాటల్ని ఆయన మొదట నమూనాలుగానే అనుకున్నాడు, విడుదల చేయమన్నది స్నేహితులు. కొన్నింట్లో ట్రంపెట్, ట్రాంబోన్ వంటివి ఇతరులు వాయించి చేర్చారు. ఒంటరి రికార్డుకు నిదర్శనంగా అందరూ చూపే దానిలో కూడా ఆఖరి అంకంలో ఇంకొకరి చెవి ఉందన్నది మరవకూడదు.

ఆ చెవి లేకపోతే ఏమవుతుందో నా పాటలోనే చూశాను. నాలుగు నిమిషాల పాట ఒకటి, కేవలం గిటారు, గొంతు. పదకొండు రాత్రులు కూర్చుని, నలభైకి పైగా టేకుల్లోంచి మాట మాటనూ ఏరి అతికించాను. పంక్తికీ పంక్తికీ నడుమ ఊపిరి చప్పుడు హెడ్‌ఫోన్లలో మరీ పెద్దదిగా వినిపించడంతో ఆ చోట్లన్నీ కత్తిరించి నిశ్శబ్దంతో నింపాను. పని ముగిసిందనుకుని పాత బ్యాండులోని డ్రమ్ములవాడికి వినిపిస్తే, అతను మొదటి చరణం పూర్తికాకుండానే, "దీన్ని పాడిన మనిషి ఏడి?" అన్నాడు. శ్రుతి తప్పలేదు, లయ తప్పలేదు, కాని ఊపిరి తీయని మనిషి నాలుగు నిమిషాలు పాడడం వినేవారికి తెలియకుండానే ఇబ్బంది కలిగిస్తుంది. ఒంటరిగా పనిచేసేవారు తమ గొంతును తామే రోజుకు వందసార్లు వింటారు. వందోసారికి వినిపించేది పాట కాదు, అందులోని మరకలు మాత్రమే, వాటిని తుడిచే ప్రయత్నంలో మనిషిని కూడా తుడిచేస్తారు.

బ్యాండులో ఈ ప్రమాదం దాదాపు ఉండదు, ఎందుకంటే పదకొండు రాత్రులు ఒక్క పంక్తిని సవరిస్తూ కూర్చుంటే మిగతావారు ఊరుకోరు. లయ ప్రాణంగా ఉండే సంగీతానికి బ్యాండును మించినది లేదని కూడా ఒప్పుకోవాలి. పల్లవి దగ్గరికి వచ్చేసరికి నలుగురూ తమకు తెలియకుండానే కాస్త వేగం పెంచడం, ఒకరు వెనకబడితే మరొకరు ఆగి అందుకోవడం లయను టకటకమని కొలిచే మెట్రోనోముకు పాడిన పాటలో సాధారణంగా దొరకవు. దూరంగా ఉన్నవారు ఇంటర్నెట్ ద్వారా కలిసి వాయించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే పది అడుగుల దూరంలో ఉన్న డ్రమ్ము నాకు దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తుంది, దానికి మనసు అలవాటుపడే ఉంది. ఆ ఆలస్యం 25, 30 మిల్లీసెకన్లు దాటితే మాత్రం ఒకరి కోసం ఒకరు ఆగుతూ పాట మొత్తం మెల్లమెల్లగా ఈడ్చుకుపోవడం మొదలవుతుంది. దూరపు ఊళ్ళ మధ్య నెట్‌వర్కు ఆలస్యం సులువుగా దానిని మించిపోతుంది కాబట్టి, బ్యాండంటే ఇప్పటికీ ఒకే గదిలో నిలబడగలిగిన మనుషులే.

బ్యాండుతో అసలు చిక్కు గుర్తింపు దగ్గర వస్తుంది. పాటలో "నేను" అని రాసినప్పుడు ఆ నేను ఎవరు? మా బ్యాండులో నేను ఒక పాట రాశాను, తండ్రితో మాటలు మానేసిన కొడుకు గొంతుతో. మూడో చరణంలో ఒక కటువైన మాట ఉంది. బేసు గిటారు వాయించే మిత్రుడు రెండు వారాలు ఏమీ అనకుండా వాయించి, మూడో వారం వాయిద్యం పక్కన పెట్టి, "ఈ మాట వెనుక నేను నిలబడలేను, నాకు నాన్న లేడు" అన్నాడు. ఆ మాట మార్చాను. మార్చిన చరణం నలుగురమూ నమ్మి వాయించగలిగినదైంది, కచేరీల్లో దానికి మంచి స్పందనా వచ్చింది. అయినా అది నేను రాయదలచుకున్న పాట కాదు. ఆ మార్పు మంచిదా చెడ్డదా అని ఇన్నేళ్ళ తరువాత కూడా తేల్చుకోలేకపోయాను. బ్యాండు గుర్తింపు అంటే నలుగురి గుర్తింపుల మొత్తం కాదు, నలుగురూ కాదనని మేరకు మిగిలినది. కొన్ని బ్యాండ్లలో ఆ మిగిలినది ఎవరి సొంత గొంతుకంటే పెద్దదై నిలుస్తుంది, చాలావాటిలో చిన్నదవుతుంది.

హక్కుల సంగతి కూడా బ్యాండులోనే ముదురుతుంది. పాట రచన మీద హక్కు వేరు, దాని రికార్డింగు మీద హక్కు వేరు. బాణీ కట్టినవారికి మొదటిదానిలో వాటా ఉండి, ఆ పాటను నిలబెట్టిన డ్రమ్ములవాడికి ఏమీ లేకపోతే, పేరు వచ్చిన రోజున అదే పగుళ్ళకు మొదలవుతుంది. అమెరికన్ రాక్ బ్యాండు ఆర్‌ఈఎమ్ ఎవరు ఏ పాట మొదలుపెట్టినా సభ్యులందరి పేర్లూ సమానంగా వేసుకుంటూ వచ్చింది. 1980లో మొదలైన ఆ బ్యాండు 2011లో తమంతట తామే ఆపేసేవరకు కొనసాగడానికి ఆ నిర్ణయం కొంతైనా కారణమని నమ్ముతాను. సమానమే కానక్కరలేదు, కాని ఏ నిష్పత్తి అన్నది మొదటి పాట పూర్తయిన రోజునే కాగితం మీద రాసుకోవాలి.

మూడో దారి ఈ రెండింటి నడుమ ఉంటుంది. ఎవరి పాట వారిది, పేరు వారిది, హక్కు వారిది, కాని వినేవారు, వేదిక, కొన్నిసార్లు వాయిద్యాలు ఉమ్మడి. దీని బలానికి నేను ఎప్పుడూ చూపే ఉదాహరణ వాషింగ్టన్ డి.సి.లోని డిస్కార్డ్ అనే రికార్డు సంస్థ. టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ళ బ్యాండు 1980లో విడిపోతూ, కచేరీల మీద కూడబెట్టిన కొద్ది డబ్బును పంచుకోకుండా తమ పాటలను రికార్డుగా అచ్చువేయడానికి వాడాలని నిర్ణయించుకుంది. అందులో ఉన్న ఇయన్ మెకై, జెఫ్ నెల్సన్ అలా మొదలుపెట్టిన సంస్థ ఆ నగరపు బ్యాండ్ల పాటలనే ప్రచురిస్తూ దశాబ్దాలపాటు నిలిచింది. విడిపోతున్న బ్యాండు తన డబ్బును తరువాత రాబోయే బ్యాండ్లకు మెట్టుగా వదిలి వెళ్ళడం, స్వతంత్ర సంగీతంలో కూటమి అన్న మాటకు నాకు తెలిసిన అతి చక్కని అర్థం.

అదే చోటినుంచి కూటమి ప్రమాదానికీ ఉదాహరణ దొరుకుతుంది. మెకై 1981లో తన తరువాతి బ్యాండు మైనర్ థ్రెట్ కోసం, తాను మత్తు జోలికి పోనని చెబుతూ నిమిషం కూడా లేని పాట ఒకటి రాశాడు. అది ఒక మనిషి తన గురించి చెప్పుకున్న మాట. విన్నవారు దానిని నియమంగా మార్చుకున్నారు, చేతుల మీద గుర్తులు వేసుకున్నారు, దాని పేరుతో ఒక ఉద్యమమే తయారైంది, నియమం తప్పినవారిని నిలదీసేవారూ వచ్చారు. తనకు ఉద్యమం నడిపే ఉద్దేశం లేదని ఆయన ఎన్నోసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది. ఏ సమాజం మన గొంతును ప్రేమిస్తుందో ఆ సమాజమే, ఇకపై నువ్వు ఇలాగే పాడాలి అని కూడా అంటుంది. ఒక భాషకో, ప్రాంతానికో, వర్గానికో ప్రతినిధిగా పేరు పడిన సంగీతకారుడు మామూలు ప్రేమపాట రాసినా దారి తప్పాడనే మాట పడాల్సి వస్తుంది. మనవాళ్ళు ఏమంటారో అన్న భయం బేసు గిటారు మిత్రుడి అభ్యంతరం కంటే బరువైనది, ఎందుకంటే మిత్రుడు ఎదురుగా నిలబడి చెప్పాడు, ఈ భయం రాస్తున్నప్పుడే పెన్ను పట్టుకుంటుంది.

డబ్బు విషయంలో మూడు దారులకూ పెద్ద తేడా లేదు, మూడూ సన్ననివే. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాకును గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే దానికి రికార్డింగు రాయల్టీ రాదు. సంగీతకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటు డిజిటల్ అమ్మకం మీద 15 శాతం, అమ్మకాలు 5,000 డాలర్లు దాటితే 10 శాతం తీసుకుని, చెల్లింపు ఖర్చులు పోను మిగతాది పాట చేసినవారికి వదులుతుంది. వచ్చే ఆ కొద్దీ నలుగురికి పంచాల్సి రావడం బ్యాండుకు నష్టం, కాని పరిచయస్థులే మొదటి కొనుగోలుదారులు కాబట్టి కూటమికి ఇక్కడ కాస్త మొగ్గు ఉంది.

ఇక ఏది మేలు? తన గొంతు ఏదో ఇంకా తెలియనివారు కొంతకాలం ఒంటరిగానే ఉండాలి, అభిప్రాయం చెప్పేవారిని ఆ దశలో దగ్గరికి రానీయకపోవడమే మంచిది. లయ మీద నడిచే సంగీతం చేసేవారికి ఎన్ని తగవులున్నా బ్యాండే సరి. మాట, బాణీ ప్రధానంగా రాసే నాలాంటివారికి మాత్రం మూడో దారినే ఎంచుకుంటాను, అయితే రెండు షరతులతో. కూటమిలో ఐదుగురికి మించకూడదు, అందరూ ఒకే రకం సంగీతం చేసేవారు కాకూడదు, ఎందుకంటే ఒకే రకం వారు కలిస్తే తీర్పు త్వరగా నియమంగా గట్టిపడుతుంది. అంతకన్నా ముఖ్యం, పాటను ఏ దశలో బయటపెట్టాలన్నది. సాహిత్యం, బాణీ పూర్తయ్యేవరకు నేను ఎవరికీ ఒక్క పంక్తి కూడా వినిపించను, మిక్సింగు, అంటే విడివిడి ట్రాకులను తూకం చూసి కలిపే పని, మొదలుపెట్టే ముందు మాత్రం తప్పకుండా వినిపిస్తాను. సాహిత్యం మధ్యలో వినిపిస్తే పాట వారిదైపోతుంది. మిక్సింగు తరువాత వినిపిస్తే నేను ఏ సలహా వినే స్థితిలో ఉండను, ఊపిరి కత్తిరించిన పాట అప్పుడే నాకు అది నేర్పింది.

మా కూటమిలో పాటను రెండుసార్లు వింటాం. మొదటిసారి వింటున్నప్పుడు పాట చేసినవారు గోడవైపు తిరిగి కూర్చోవాలి, ఎదుటివారి ముఖాలు చూడకూడదు, రెండోసారి పూర్తయ్యేవరకు వివరణ ఇవ్వకూడదు. పోయిన నెల నా పాటకు మూడు సూచనలు వచ్చాయి. శ్రుతి అర మెట్టు తగ్గించమన్నదీ, చివర పల్లవి మళ్ళీ పాడమన్నదీ నేను పాటించలేదు. ఎంతో ఇష్టపడి రాసుకున్న రెండో చరణాన్ని మొత్తంగా ఎత్తివేయమన్న మూడోదానిని, రెండు రోజులు గింజుకుని, పాటించాను.