బానిసకు ఏ దారి మేలు? తొలి ఇస్లాం కాలపు మూడు విముక్తి మార్గాలు

తొలినాళ్ల ఇస్లాంలో బానిసత్వం గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా ఆ మతం దాన్ని రద్దు చేసిందా, ఆమోదించిందా అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఖురాన్ బానిసత్వాన్ని రద్దు చేయలేదు. ‘మీ కుడిచేతుల ఆధీనంలో ఉన్నవారు’ అంటూ బానిసల ఉనికిని అంగీకరించింది, అదే సమయంలో వారిని విడిపించడాన్ని పుణ్యకార్యంగా చాటింది. అయితే నాకు అంతకంటే ముఖ్యంగా తోచే ప్రశ్న మరొకటి ఉంది. ఏడో శతాబ్దపు మదీనాలో స్వేచ్ఛ పొందడానికి తెరిచి ఉన్న దారుల్లో, యజమాని వైపు నుంచి కాక బానిస వైపు నుంచి చూస్తే, ఏది మేలు?

మొదటి దారి యజమాని తనంతట తానుగా విడుదల చేయడం. ధర్మం ఎక్కవలసిన నిటారు బాట ఏమిటని అడిగి, ‘ఒక మెడను విడిపించడం’, అంటే ఒక బానిసను విడుదల చేయడం, అని ఖురాన్ 90వ సూరా (అధ్యాయం) జవాబిస్తుంది. పొరపాటున హత్య చేసినా, ప్రమాణం తప్పినా చేయవలసిన ప్రాయశ్చిత్తాల్లో బానిస విముక్తి ఉంది. జకాతు (ముస్లింలు విధిగా ఇవ్వవలసిన దానం) సొమ్ము ఖర్చు చేయవలసిన పద్దుల్లోనూ దానికి చోటుంది. మక్కాలో ఉమయ్యా బిన్ ఖలఫ్ మండే ఇసుక మీద పడుకోబెట్టి హింసించిన అబిసీనియా సంతతి బిలాల్‌ను ప్రవక్త సన్నిహితుడు అబూబకర్ కొని విడిపించారు, ఆ బిలాలే తరువాత ఇస్లాం మొదటి ముఅజ్జిన్ (నమాజుకు పిలుపునిచ్చే వ్యక్తి) అయ్యారు. ఈ దారి గొప్పదనాన్ని నేను తక్కువ చేయను, కానీ ఇందులో నిర్ణయమంతా మరొకరి భక్తి మీద ఆధారపడి ఉంటుంది. యజమాని దయ తలిస్తే విడుదల, తలచకపోతే మరణం దాకా చాకిరీ.

రెండోది ముకాతబా, అంటే విడతలవారీగా సొమ్ము చెల్లించి స్వేచ్ఛను సంపాదించుకునే ఒప్పందం. ‘వారిలో మేలు ఉందని మీకు తెలిస్తే ఒప్పందం రాసివ్వండి, దేవుడు మీకిచ్చిన ధనం నుంచి వారికీ ఇవ్వండి’ అని 24వ సూరా చెబుతుంది. ఇక్కడ మొదటి అడుగు వేసేది బానిస. సీరీన్ అనే బానిస ఒప్పందం అడిగితే యజమాని అనస్ బిన్ మాలిక్ నిరాకరించారనీ, ఖలీఫా ఉమర్ ఈ వాక్యాన్ని చదువుతూ ఆయనను కొరడాతో కొట్టి ఒప్పించారనీ హదీసు గ్రంథాలు (ప్రవక్త, ఆయన సహచరుల మాటలూ చేతల సంకలనాలు) చెబుతున్నాయి. ఉమర్ దృష్టిలో అది దయ కాదు, బానిసకు దక్కవలసిన హక్కు. తరువాతి కాలపు ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) పండితుల్లో అత్యధికులు మాత్రం అది ఆదేశం కాదనీ, మంచి సలహా మాత్రమేననీ తేల్చారు. ధర్మశాస్త్రం అక్కడ బానిస చేతిలోని తాళంచెవిని తీసి మళ్లీ యజమానికే ఇచ్చిందని నాకు అనిపిస్తుంది.

బరీరా కథ ఈ విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. ఏడాదికి ఒకటి చొప్పున తొమ్మిది ఊఖియాలు (వెండి తూనిక) చెల్లిస్తానని ఒప్పందం కుదుర్చుకున్న ఆ బానిస స్త్రీ సహాయం కోసం ప్రవక్త భార్య ఆయిషా దగ్గరకు వెళ్లింది. ఆయిషా ఆమెను కొని విడిపించారు. స్వతంత్రురాలయ్యాక, బానిసగానే ఉన్న భర్త ముగీస్‌తో కొనసాగాలా వద్దా అని నిర్ణయించుకునే హక్కు ఆమెకు వచ్చింది. ముగీస్ మదీనా వీధుల్లో కన్నీళ్లతో ఆమె వెంట తిరుగుతుంటే అతని దగ్గరకు తిరిగి వెళ్లమని ప్రవక్త ఆమెతో అన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారాయన. అయితే అతను నాకు అవసరం లేదంది. నిన్నటి దాకా అమ్ముడుపోయే వస్తువుగా ఉన్న స్త్రీ ప్రవక్త మాటకే కాదని చెప్పగలగడం కంటే స్వేచ్ఛకు పెద్ద నిదర్శనం నాకు కనిపించదు.

మూడోది ఉమ్ వలద్, ‘బిడ్డ తల్లి’ అనే హోదా. యజమానికి బిడ్డను కన్న బానిస స్త్రీని అమ్మకూడదని ఉమర్ ఆదేశించారు. యజమాని మరణంతో ఆమెకు విడుదల, బిడ్డ పుట్టుకతోనే స్వతంత్రుడు. తల్లీబిడ్డలను సంతలో విడదీయకుండా ఇది కాపాడింది. అయినా ఆ బిడ్డను కనడానికి ఆమె సమ్మతిని చట్టం అడగలేదు కనుక దీన్ని మేలైన దారిగా నేను లెక్కించలేను.

ఈ మూడింటిలో ముకాతబాయే మేలని నా అభిప్రాయం, అదీ ఉమర్ అర్థం చేసుకున్న రూపంలో. కానీ ఇవన్నీ బయటికి పోయే దారులే; యుద్ధాలూ వ్యాపారమూ కొత్త బానిసలను తెచ్చే లోపలి దారి మూతపడలేదు. ఇరాక్‌లోని బస్రా దగ్గరి చవిటి నేలల్లో పైపొరను గీకితీసే జంజ్ (తూర్పు ఆఫ్రికా) బానిస కూలీలకు ఈ మార్గాలేవీ అందుబాటులోకి రాలేదు, 869లో మొదలైన వారి తిరుగుబాటు 883 దాకా సాగింది. అప్పుడు కూడా వారి నాయకుడు అలీ బిన్ ముహమ్మద్ వారికి మాట ఇచ్చింది బానిసత్వం లేని లోకాన్ని కాదు, వారే బానిసలకు యజమానులు కావడాన్ని.

1846లో ట్యునీషియా పాలకుడు అహ్మద్ బే వేరే పద్ధతి ఎంచుకున్నాడు. బానిసల విషయంలో షరియత్ పెట్టిన షరతులను యజమానులు పాటించడం లేదనీ, షరియత్ స్వేచ్ఛ వైపే మొగ్గుతుందనీ మతపరమైన వాదనతోనే బానిసత్వ రద్దును సమర్థించి, సూఫీ జావియాల (సాధువుల మఠాల) దగ్గర నోటరీలను కూర్చోబెట్టాడు. అక్కడికి వచ్చి అడిగిన బానిసకు విముక్తి పత్రం రాసివ్వడమే వారి పని. యజమాని అంగీకారం అక్కర్లేదు.