మెయిన్ ఆపినా కూసిన టెస్టర్: ఏడాదికి పైగా వాడాక

వైరును ముట్టుకోనక్కర్లేకుండా, పక్కన పెడితే చాలు కూత పెట్టి ఎర్ర లైటు వెలిగించే పెన్ను టెస్టర్ గురించి రాస్తున్నాను. ఎన్ని ఓల్టుల దాకా పట్టుకుంటుంది వగైరా డబ్బా మీదే ఉంటాయి. దీని మీద నాకింత అభిమానం ఎందుకో అది చెబుతాను.

మాది విజయవాడ సింగ్‌నగర్‌లో సొంతిల్లు, కింది పోర్షన్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఇంట్లోకొచ్చి ప్లగ్గులన్నీ మునిగాయి. నీళ్లు తీశాక వైరింగు మొత్తం ఎలక్ట్రీషియన్ చేతే చూపించాం. కానీ ఆ తర్వాత చిన్న స్విచ్చు మార్చడానికి కూడా మనిషి దొరికేవాడు కాదు, పేటంతా అదే పని. అలా స్విచ్చు, హోల్డరు, ఫ్యాను రెగ్యులేటరు వరకు నేనే మార్చుకోవడం మొదలుపెట్టాను. గవర్నర్‌పేట వెళ్లి ఈ టెస్టర్ కొన్నది అప్పుడే. అంతకుముందు ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్‌లో బల్బు వెలిగిందో లేదో పగటిపూట చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సి వచ్చేది.

2025 మే నెలలో ఒక మధ్యాహ్నం హాల్లో ఫ్యాను ఆగిపోయి, రెగ్యులేటరు దగ్గర కాలిన వాసన వచ్చింది. మెయిన్ దించేశాను. వంటింట్లోంచి అమ్మ, “ఫ్రిజ్జు ఆగిపోయిందిరా, కరెంటు తీశావా?” అంది. తీశానమ్మా అన్నాను. ఫ్రిజ్జు చప్పుడు ఆగిందంటే ఇంట్లో కరెంటు లేనట్టే అనుకున్నాను. ఫ్యాను ఎలాగూ తిరగడం లేదు, పగలు కాబట్టి లైట్లేవీ వేసి లేవు. మరలు తీసి బోర్డు ప్లేటు ముందుకు లాగాను. వెనక ఎర్ర వైరు, కాస్త నల్లబడిన రెగ్యులేటరు కనిపించాయి. ఎడమ చేత్తో వైరు పట్టుకోబోయే ముందు, అలవాటు కొద్దీ టెస్టర్ మొన దాని దగ్గర పెట్టాను.

కూసింది.

తీసి మళ్లీ పెట్టాను, మళ్లీ కూసింది. పాడైందేమోనని ఫ్రిజ్జు ప్లగ్గు దగ్గర పెట్టి చూశాను. అక్కడ చప్పుడు లేదు. తిరిగొచ్చి బోర్డు దగ్గర పెడితే కూత. అప్పుడు తట్టింది, ఇన్వర్టర్!

మా ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయి. మెయిన్ దించితే దానికి కరెంటు పోయినట్టే లెక్క, వెంటనే బ్యాటరీ నుంచి 230 ఓల్టులు పంపడం మొదలుపెడుతుంది. పోనీ 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయి సరఫరా ఆపే స్విచ్చు) కాపాడేదా అంటే, మాకది మెయిన్ దగ్గర ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు దాని గుండా పోదు, కాబట్టి అది పడిపోయేది కాదు. ఇన్వర్టర్ బటన్ ఒక్కటే ఆపినా లాభం లేదు, మెయిన్ ఉన్నంతసేపు బైపాస్‌లో, అంటే బ్యాటరీతో పని లేకుండా నేరుగా, ఆ లైనుకి కరెంటు వెళ్తూనే ఉంటుంది. రెండూ ఆపాలి. రెండూ ఆపాకే టెస్టర్ నోరు మూసింది. ఆ ఎర్ర వైరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఆ తర్వాత కనిపించినవాళ్లందరికీ ఇది తప్పు చెప్పదని చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఒకే పైపులో రెండు వైర్లు పక్కపక్కన పోతుంటే, ఆపేసిన వైరు దగ్గర కూడా కూస్తుంది. వరద తర్వాత గోడలు ఆరేదాకా ఎక్కడ పెట్టినా కూసేది. అది ఫర్వాలేదు, అనవసరంగా భయపడితే పోయేదేమీ లేదు. కూయాల్సిన చోట కూయకపోవడమే ప్రమాదం. మొన్న వర్షాకాలంలో బాత్రూమ్ హోల్డరు మార్చబోతూ, ముందుగా కరెంటున్న ప్లగ్గు దగ్గర పెట్టి చూస్తే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీలు నీరసించాయి. నేరుగా హోల్డరు దగ్గరే పెట్టి ఉంటే కరెంటు లేదనుకునేవాడిని.

అందుకని ఇప్పుడు ముందు కరెంటున్న ప్లగ్గు దగ్గర, తర్వాత నేను పని చేయబోయే వైరు దగ్గర, మళ్లీ ప్లగ్గు దగ్గర పెట్టి చూస్తాను. పనయ్యే దాకా ఒక ప్లగ్గుకి కరెంటు ఉండాలి కాబట్టి పై పోర్షన్ వరండాలోది వాడతాను, దాని మీటరు వేరు. అది అయ్యాక కూడా వైరు ముట్టుకునే ముందు హోల్డరుకు రెండు వైర్లు కట్టిన బల్బు పెట్టి చూస్తాను. ఫ్యాను కెపాసిటర్‌లో నిలవున్న కరెంటును మాత్రం ఈ టెస్టర్ పట్టుకోలేదు, ఆ పని నేను ముట్టుకోను.

నాలుగు వందల లోపు పెట్టి కొన్నాను, మళ్లీ కొనాల్సొచ్చినా ఇదే రకం కొంటాను. ఇన్వర్టర్ ఉండి, నాలాగా చిన్న రిపేర్లు సొంతంగా చేసుకునేవాళ్లకు కొనమనే చెబుతాను. ఇన్వర్టర్ లేని ఇంట్లో నాకు జరిగినంత మేలు జరక్కపోవచ్చు. గోడలకు చెమ్మ పట్టే ఇల్లయితే ఆ కూతలకు విసుగు కూడా రావచ్చు. నాదైతే మెయిన్ బాక్సు పక్కనే మేకుకు వేలాడుతుంటుంది, దాని కింద తెల్ల టేపు మీద ‘ఇన్వర్టర్ కూడా’ అని అమ్మ రాసి అంటించింది.