మా టారస్ ఎస్‌హెచ్ఓ: లక్షా ఇరవై మూడు వేల మైళ్ల తర్వాత

1999 అక్టోబరులో డెట్రాయిట్ శివార్లలో ఒక ఇంటి ముందు ఈ కారును మొదటిసారి చూసినప్పుడు ఇందులో విశేషమేమీ కనిపించలేదు. తెల్ల రంగు, నాలుగు తలుపులు, 1991 మోడల్ ఫోర్డ్ టారస్. అప్పట్లో మిషిగన్‌లో ఏ మలుపు తిరిగినా రెండు మూడు టారస్‌లు ఎదురయ్యేవి. దీని వెనక బంపరులో అచ్చు గుద్దినట్టు ఎస్‌హెచ్ఓ అని మూడు అక్షరాలు ఉన్నాయి. సూపర్ హై అవుట్‌పుట్ అని దాని విస్తరణ. పనిగట్టుకుని వెతికితే తప్ప కనబడవు.

అమ్ముతున్న పెద్దాయన ఫ్యాక్టరీలో అచ్చుల పని చేసి రిటైరైన మనిషి. ధర మాట్లాడకముందే "గేర్లు మార్చి నడపడం వచ్చా?" అని అడిగాడు. మా ఊళ్లో అలా కాక ఇంకోలా నడిపే కారే లేదని చెప్పాను. ఆయన బానెట్ ఎత్తి, "ఈ ఇంజిన్ చేసింది యమహా" అన్నాడు.

నవ్వు ఆగలేదు. విజయవాడలో ఇంజినీరింగు చదివిన రోజుల్లో మా బాబాయి ఆర్ఎక్స్ 100 బండిని అడిగీ అడక్కుండా తీసుకుపోయి ప్రకాశం బ్యారేజీ మీద తిప్పినవాణ్ని. 98 సీసీల ఆ చిన్న ఇంజిన్ కింది వేగంలో మెత్తగా ఉండి, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా మనిషిని వెనక్కి తోసేది. ఆ యమహాయేనా ఇది? అదే యమహా. 71,000 మైళ్లు తిరిగిన కారును 3,800 డాలర్లకు కొన్నాను. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

మామూలు టారస్‌లో మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల వి6 ఇంజిన్ ఇచ్చేది 140 హార్స్‌పవర్. ఇదీ మూడు లీటర్ల వి6 ఇంజినే, కానీ సిలిండరుకు నాలుగు వాల్వులు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టులు వరసకు రెండు, 220 హార్స్‌పవర్. ఆ పూర్తి బలం అందేది 6,200 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర. ఫోర్డ్ ఒక చిన్న స్పోర్ట్స్ కారు తలపెట్టి యమహాతో ఇంజిన్ చేయించిందనీ, ఆ కారు మధ్యలోనే ఆగిపోతే ఇంజిన్‌ను తెచ్చి టారస్‌లో పెట్టిందనీ చెబుతారు. పెళ్లి తప్పిపోయినా చేయించిన నగ ఊరికే పోలేదన్నమాట. 1989 నుంచి 1992 దాకా దీన్ని మాన్యువల్ గేర్లతో మాత్రమే అమ్మారు. పిల్లల్ని బడిలో దింపే కారుకు అయిదు గేర్లు, క్లచ్ పెడల్ పెట్టి, కావాలంటే ఇలాగే తీసుకోండి అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! 1993లో ఆటోమేటిక్ వచ్చింది, దానికి మాత్రం ఇంజిన్‌ను 3.2 లీటర్లకు పెంచారు. 1996లో ఎనిమిది సిలిండర్ల వి8 వచ్చాక మాన్యువల్‌ను పూర్తిగా తీసేశారు. ఆ తర్వాతవాటి మీద నాకు పెద్ద మమకారం లేదు.

బానెట్ కింద అందరి కళ్లూ నిలిచేది గాలి గొట్టాల దగ్గర. మొత్తం పన్నెండు. రెండు అరటి అత్తాలను ఎదురెదురుగా పేర్చినట్టు వంపు తిరిగి ఇంజిన్ మీద పడుకుని ఉంటాయి. ప్రతి సిలిండరుకూ ఒక పొడవు గొట్టం, ఒక పొట్టి గొట్టం. తక్కువ వేగంలో గాలి పొడవు గొట్టంలోంచే వస్తుంది. అందులో అది ఊపందుకుని సిలిండరును బాగా నింపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఒక్క దారి చాలదు. దాదాపు 4,000 ఆర్‌పీఎం దగ్గర పొట్టి గొట్టాల మూతలు కూడా తెరుచుకుంటాయి. నడిపేవాడికి ఇది ముందు చెవితోనే తెలుస్తుంది. అప్పటిదాకా గొంతు సవరించుకుంటున్నట్టున్న ఇంజిన్ హఠాత్తుగా రాగం అందుకుంటుంది. ముల్లు 7,000 వైపు పరుగెత్తుతుంది. 7,300 దగ్గర కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, లేకపోతే ఇంజిన్ ఇంకా పైకి వెళ్లడానికి సిద్ధంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. హైవే ఎక్కే దారిలో మూడో గేరులో ఇంజిన్ గొంతు ఇలా మారిన ప్రతిసారీ నాకు బ్యారేజీయే గుర్తొస్తుంది.

ఇదే దీని చిక్కు కూడా. ఊరి ట్రాఫిక్‌లో, రెండు మూడు వేల ఆర్‌పీఎం మధ్య నడిపేవాడికి ఈ కారు ఏమీ ఇవ్వదు. నిద్రమబ్బులో ఉన్నట్టే నడుస్తుంది. కావాలంటే గేరు దింపి అడగాలి. ముందు చక్రాలే తిరగాలి, అవే లాగాలి కాబట్టి మొదటి గేరులో గట్టిగా తొక్కితే స్టీరింగ్ పక్కకు గుంజుతుంది. రెండు చేతులూ దాని మీదే ఉండాలి. గేరు లివర్‌కు 1991లో కేబుళ్ల బదులు రాడ్లు వచ్చాయి. నాదీ ఆ ఏడాదిదే, ఫరవాలేదు. పాత కేబుళ్ల బండిని మిత్రుడొకరిది నడిపి చూశాను. గంజిలో గరిటె తిప్పినట్టుంది.

ఏటా ఆగస్టులో డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైన ఈ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు నేను పదిహేనేళ్లుగా వెళుతున్నాను. అక్కడ మడత కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లలో వి8 తప్ప వేరే దేవుణ్ని ఎరగనివాళ్లే ఎక్కువ. ఒక పాత పోంటియాక్ ఆసామి ప్రతి ఏడూ తప్పకుండా, "ముందు చక్రాలు లాగే బండికి ఇక్కడేం పని?" అంటాడు. పక్కనే 1996 షెవ్రొలే ఇంపాలా ఎస్ఎస్ ఆయన నా తరఫున లెక్క చెబుతాడు: "నా 5.7 లీటర్లకు 260 హార్స్‌పవర్ వస్తుంది, ఇతని మూడు లీటర్లకే 220 వస్తోంది." నిజమే. అయితే ఆయన మర్యాదకు చెప్పని మాట ఒకటుంది, అది నేనే చెబుతాను. టార్క్‌లో, అంటే ఇంజిన్ తిప్పే బలంలో, ఆయనది 330 పౌండ్ అడుగులు, నాది 200. సిగ్నల్ దగ్గర పచ్చ దీపం వెలగగానే ఆయన వెళ్లిపోతాడు, నేను ఇంకా మొదటి గేరులో 4,000 కోసం ఎదురుచూస్తూ ఉంటాను. ఈ వాదన ఏటా తెగదు. చివరికి పోంటియాక్ ఆయనే లేచి వచ్చి, "ఆ గొట్టాలు మళ్లీ ఒకసారి చూపించు" అంటాడు.

ఇక మరమ్మతుల సంగతి. కొనాలనుకునేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. 60,000 మైళ్లకు ఒకసారి, వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టు మార్చాలి, వాల్వుల సందులు కొలవాలి. ఒక్కో వాల్వు మీద నాణెం లాంటి చిన్న ఉక్కు బిళ్ల ఉంటుంది. సందు తేడా వస్తే ఆ బిళ్ల తీసి వేరే మందం ఉన్నది పెట్టాలి. మొత్తం 24. ఆ అందమైన అరటి అత్తాలు విప్పనిదే పని మొదలుకాదు. 2004లో నా బండి 1,20,000 దాటినప్పుడు ఒక గ్యారేజీలో ఇచ్చాను. బెల్టు మూత తీశాం కదా, దాని వెనక ఉన్న క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని కంప్యూటర్‌కు తెలిపే భాగం) కూడా మార్చేద్దామా అని మెకానిక్ అడిగాడు. పని చేస్తోంది కదా, దేనికి డబ్బు దండగ అన్నాను. మరుసటి వేసవిలో పక్క రాష్ట్రం ఒహాయోలోని టొలీడో దాటాక, నడి ఎండలో, వెనక సీటులో అయిదేళ్ల అమ్మాయి, ముందు సీటులో పులిహోర డబ్బాతో మా ఆవిడ ఉండగా ఇంజిన్ టక్కున ఆగిపోయింది. గంట ఆగితే మళ్లీ స్టార్ట్ అయింది. ఇరవై మైళ్లు వెళ్లి మళ్లీ ఆగింది. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతకడం ఆ సెన్సర్ పోయే లక్షణమని తర్వాత తెలిసింది. చిన్న భాగం కోసం మొత్తం పని మళ్లీ చేయించుకున్నాను. తప్పు నాదే. పులిహోర మాత్రం రోడ్డు పక్కన చెట్టు కింద చాలా బాగుంది.

ఆ తర్వాత పని నేనే నేర్చుకున్నాను. 2016లో 1,80,000 దగ్గర బెల్టు నేనూ మా అమ్మాయీ కలిసి మార్చాం. బిళ్లల మందం మైక్రోమీటరుతో కొలిచి నోటుబుక్కులో రాసింది తనే. ఆ వేసవిలోనే ఈ కారులో గేర్లు నేర్చుకుంది. మొదటి రోజు ఎనిమిదిసార్లు ఆపేసి, "నాన్నా, మీ రోజుల్లో అందరూ ఇంత కష్టపడేవాళ్లా?" అంది.

మిషిగన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఈ కారుకు అసలు శత్రువు. మొదటి తొమ్మిది చలికాలాలు తెలియక నడిపేశాను. కింది ఫ్రేము బిగించే చోట తుప్పు పట్టి, వెల్డింగుకు కారు ధర కంటే ఎక్కువే పోశాను. 2008 తర్వాత మంచు పడితే బయటకు తీయడం లేదు. ఏసీ పనిచేస్తుంది. సీట్లు దూర ప్రయాణానికి ఇప్పటికీ హాయిగా ఉంటాయి. డిక్కీలో నాలుగు పెద్ద సూట్‌కేసులు పడతాయి, ఇండియా నుంచి వచ్చే అత్తమామల్ని తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్లింది ఈ బండే. గ్యాలన్‌కు సగటున ఇరవై మైళ్లు ఇస్తుంది.

రోజూ ఆఫీసుకు వెళ్లడానికి మరో కారు వెతుక్కోండి. భాగాలు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. పాత కారు అంటే ఆదివారం తుడిచి చూసుకోవడం అనుకునేవాళ్లకు కూడా ఇది సరిపడదు, ఎందుకంటే తుడిచినా ఇది టారస్‌లాగే ఉంటుంది. చేతులకు నూనె అంటుకున్నా పట్టించుకోని వాళ్లు, గేరు మార్చడంలో ఆనందం తెలిసినవాళ్లు, తుప్పు లేని బండి దొరికితే మాత్రం వదలొద్దు.

2017 నుంచి నాది చారిత్రక వాహనం నంబరు ప్లేటు. 26 ఏళ్లు నిండిన కార్లకు మిషిగన్ ఇచ్చే ఈ ప్లేటుతో ప్రదర్శనలకూ క్లబ్బు పనులకూ వెళ్లొచ్చు, ఆగస్టు నెలంతా మాత్రం ఎలాగైనా తిప్పుకోవచ్చు. ఇప్పుడు మీటరు 1,94,000 చూపిస్తోంది, అందులో నా చేతిలో తిరిగినవి 1,23,000. బెల్టుకు మైళ్లు రాకపోయినా ఏళ్లు వచ్చాయి, కనుక ఈ వసంతంలో మళ్లీ విప్పుతున్నాను. క్రాంక్ సెన్సర్ ముందుగానే కొని గ్యారేజీ అలమరలో పెట్టాను, పెట్టె సీలు కూడా తీయలేదు.