పశువులు పెట్టుకోవడానికి చేతికి నగదా, దొడ్డికి గొర్రెలా? రెండు పాత సర్కారు పథకాలను పోల్చి చూద్దాం.

ఆంధ్రలో 2020లో మొదలైన చేయూత: 45–60 ఏళ్ల బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ ఆడవాళ్ల ఖాతాలో ఏటా 18,750 రూపాయలు పడేవి.
తెలంగాణలో 2017 గొర్రెల పథకం: 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీతో ఇచ్చేవారు.

ఖర్చు: గొర్రెలకు మొదట్లో మన వాటాగా 31,250 కట్టాల్సి వచ్చేది. చేయూత నగదుకు పైసా కట్టక్కర్లేదు, కానీ ఆ ఒక్క విడత డబ్బుతో పశువు కొనాలంటే మంచి పాడి గేదె వచ్చేది కాదు, రెండు మేకలతో సరిపెట్టుకోవాలి, లేదంటే లోను కలపాలి.

ఎంపిక: డబ్బుంటే సంతకెళ్లి, పళ్లు చూసి, పొదుగు పట్టి చూసి, బేరమాడి తెచ్చుకుంటాం. పథకం గొర్రెలు పక్క రాష్ట్రాల నుంచి లారీలో దిగేవి, కొత్త నీళ్లు పడాలి కదా.

రిస్క్: నగదు పిల్లల ఫీజుకో పాత అప్పుకో పోతుంది (అదేం తప్పు కాదులెండి).

మేపే మనిషి, బీడు ఉంటే గొర్రెలు. ఇంటి పట్టున ఒకటో రెండో చూసుకునేవాళ్లకు నగదే.