గోల్డ్ ఈటీఎఫ్: యుద్ధ భయానికి మందే, సుంకం దెబ్బకు కాదు

ఎక్కడ తుపాకీ పేలినా మనవాళ్ల చూపు బంగారం మీదికే పోతుంది. అందుకు నగ కన్నా ఈటీఎఫ్ (స్టాక్ మార్కెట్లో షేరులా కొని అమ్మే బంగారం ఫండ్) మేలు: తరుగు, మజూరీ ఉండవు, డీమ్యాట్ ఖాతా (షేర్లు ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే ఖాతా) చాలు. చాలా ఫండ్లలో యూనిట్ అంటే సుమారు 0.01 గ్రాము బంగారమే.

అయితే మీరు కొంటున్నది బంగారం ఒక్కటే కాదు. ఇక్కడి ధరలో లండన్ డాలర్ ధర, రూపాయి మారకం, దిగుమతి సుంకం మూడూ కలిసి ఉంటాయి. మొదటి రెండూ ఉద్రిక్తతల్లో తరచూ పైకే లాగుతాయి. మూడోది ఢిల్లీ చేతిలో ఉంది. 2024 జులై 23 బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 6 శాతానికి దిగింది. అంటే 115 రూపాయలు పడే సరుకు 106కి వచ్చింది, దాదాపు 8 శాతం కోత. ఏ యుద్ధమూ ఆగలేదు, అయినా యూనిట్ విలువ పడింది. బడ్జెట్ ముందు వారం పెద్ద మొత్తం పెట్టకపోవడమే మంచిది.

ఇంకో చిక్కు, ఎగబడి కొనే రోజున మార్కెట్ ధర అసలు విలువను దాటేస్తుంది. 2025 అక్టోబరులో వెండి ఈటీఎఫ్‌లకు ఇదే జరిగింది. ఆర్డర్ పెట్టే ముందు ఫండ్ సైటులో ఐనావ్ (ఆ క్షణాన యూనిట్ అసలు విలువ అంచనా) చూడండి. మార్కెట్ ధర దానికన్నా 1 శాతం దాటి ఎక్కువుంటే ఆగండి. ఎంత ధరకైనా కొనేసే మార్కెట్ ఆర్డర్ వద్దు, మీరు చెప్పిన ధర దాటని లిమిట్ ఆర్డరే.

12 నెలలు దాటాక అమ్మితే లాభంపై పన్ను 12.5 శాతం, అంతకు ముందైతే మీ ఆదాయ పన్ను శ్లాబు రేటు.

రేటింగ్: ఐదుకు నాలుగు. పోర్ట్‌ఫోలియోలో పదో వంతు వరకే.