48 మెగాపిక్సెల్ కెమెరా, ఫ్రీ మెమరీ కార్డు: హన్మకొండలో కొనేవాళ్లు జాగ్రత్త

ప్రయాణాల కోసం జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా కొనాలనుకునే వాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పోయిన నెలలో హన్మకొండలో ఒక దుకాణంలో 7,200 రూపాయలు పెట్టి నేను మోసపోయాను. డబ్బు మళ్లీ సంపాదించుకుంటాను. మా నాయనమ్మ లక్నవరం ఉయ్యాల వంతెన మీద నడిచిన ఫొటోలు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, ఆ బాధ పోవడం లేదు.

నాయనమ్మకు ఎనభై దాటాయి. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిందని టీవీలో చూసినప్పటి నుంచి "ఒక్కసారి చూపియ్‌రా" అని అడుగుతోంది. పొద్దున రామప్ప, మధ్యాహ్నం లక్నవరం అనుకుని కారు మాట్లాడుకున్నాం. కెమెరా పెట్టె మీద 48 మెగాపిక్సెల్, 4కె వీడియో, 16 రెట్ల జూమ్ అని పెద్ద అక్షరాలు. కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. "పెద్ద కంపెనీలు చిన్న కెమెరాలు బంద్ చేసినయన్నా, ఇప్పుడు ఇవే నడుస్తున్నయి" అన్నాడు దుకాణదారు. అందులో కొంత నిజం ఉంది. ఫోన్లలో మంచి కెమెరాలు వచ్చాక పేరున్న కంపెనీలు కాంపాక్ట్ మోడళ్లను బాగా తగ్గించేశాయి. ఆ ఖాళీలోకే ఇలాంటివి వచ్చి చేరాయి. 128 జీబీ కార్డు ఫ్రీ అనేసరికి నేను ఇంకేమీ అడగలేదు.

రామప్పలోనే అనుమానం వచ్చింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి ప్రాణమంతా చూరు కింద నిలబడ్డ నల్లరాతి మదనికల్లో (స్త్రీల శిల్పాల్లో) ఉంది. నగల మీద చెక్కడం దారమంత సన్నగా ఉంటుంది. నీడలో నల్లరాయి, వెనక తెల్లటి ఆకాశం కాబట్టి మంచి కెమెరాకు కూడా కష్టమైన చోటే. కానీ నా ఫొటోలో నాగిని అనే మదనిక చుట్టూ పాము, నగలు, వేళ్లు కలిసిపోయి ఒకటే నల్ల ముద్ద. జూమ్ నొక్కితే లెన్స్ కదలదు, బొమ్మను సాగదీస్తుంది అంతే. రంగమండపం లోపల వెలుతురు తక్కువ. అక్కడ తీసినవైతే తడి గోడ మీద రంగు కారినట్టున్నాయి.

లక్నవరంలో నాయనమ్మ ముందు భయపడింది. తర్వాత బాపు చెయ్యి పట్టుకుని వంతెన మొత్తం దాటింది, నడుమ ఆగి నీళ్లను చూసి నవ్వింది. ఆ నవ్వు వీడియో కూడా తీశాను. తీసిన వెంటనే స్క్రీన్ మీద కనిపించింది కాబట్టి టెన్షన్ పడలేదు. రాత్రి కంప్యూటర్‌లో పెడితే రామప్ప ఫొటోలు తెరుచుకున్నాయి, లక్నవరానివి ఒక్కటీ తెరుచుకోలేదు. ఫైళ్ల పేర్లున్నాయి, లోపల ఏమీ లేదు.

హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డును పరీక్షిస్తే అసలు సంగతి బయటపడింది. 128 అని చెప్పుకుంటున్న ఆ కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీ కూడా కాదు. ఇలాంటి నకిలీ కార్డులు కెమెరాకు తప్పుడు సైజు చెబుతాయి. అసలు జాగా నిండాక కూడా రాస్తున్నట్టే నటిస్తాయి, ఆ తర్వాత తీసినవన్నీ గాలికి పోతాయి. మనకు ఏ హెచ్చరికా రాదు. అందుకే దీన్ని కెమెరా కంటే పెద్ద మోసం అంటాను.

కెమెరానూ పరీక్షించాను. గోడకు దినపత్రిక అతికించి, కెమెరాను బల్ల మీద కదలకుండా పెట్టి, అదే బొమ్మను 12 మెగాపిక్సెల్‌లో ఒకసారి, 48లో ఒకసారి తీశాను. పెద్దది చేసి చూస్తే 48లో ఒక్క అక్షరం కూడా అదనంగా చదవడానికి రాలేదు. ఫైలు మాత్రం లావుగా ఉంది. లోపల వెలుతురును బొమ్మగా మార్చే చిప్, అంటే సెన్సర్, చిన్నదే. లేని చుక్కల్ని (పిక్సెళ్లని) పక్క చుక్కల్ని బట్టి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతోంది. గుళ్ల లోపల, సాయంత్రం వేళ తీయడానికి మెగాపిక్సెళ్ల కంటే సెన్సర్ సైజు ముఖ్యం. మామూలు కాంపాక్ట్‌లలో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ కొలత సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు. ఒక అంగుళం రకం అంటే 13.2 × 8.8, అంటే వైశాల్యం నాలుగు రెట్లు. నా పెట్టె మీద సెన్సర్ సైజు అసలు రాయనే లేదు.

దుకాణంలోనే చూడగలిగేది ఒకటుంది. లెన్స్ చుట్టూ mm అని రాసి ఉన్న అంకెలు చదవండి. 4.3–21.5 లాగా రెండు అంకెలుంటే పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి, అదే నిజమైన ఆప్టికల్ జూమ్ (లెన్స్ కదిలి దగ్గరికి తెచ్చేది), ఇక్కడ 5 రెట్లు. ఒక్క అంకే ఉంటే ఆప్టికల్ జూమ్ లేదని అర్థం, పెట్టె మీద 16 అని రాసినా సరే. దిగుమతి చేసిన సరుకైతే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. నా దాని మీద ఆ వివరాల చోట చైనా అక్షరాలు తప్ప ఏమీ లేవు.

తిరిగి వెళ్తే "అమ్మినంక మాకేం సంబంధం లేదన్నా, కంపెనీని అడుగు" అన్నాడు. ఏ కంపెనీ? వారంటీ కాగితం మీద ముద్ర ఉంది, చిరునామా లేదు. బిల్లు అని ఇచ్చింది "కెమెరా 1" అని రాసిన చీటీ. అప్పుడే గట్టిగా సరైన బిల్లు అడగాల్సింది. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. ఆ చీటీ, యూపీఐ చెల్లింపు రుజువు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసులకు ఫీజు లేదు.

ఇలాగే ఫ్రీ కార్డుతో కెమెరా కొన్నవాళ్లు ఇవాళే ఆ కార్డును పరీక్షించండి. ముందుగా అందులోని ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి తీసుకుని, ఒక్కోటి తెరిచి చూసుకోండి. ఆ పరీక్ష కార్డు నిండా రాస్తుంది, నకిలీదైతే ఉన్న ఫొటోలు కూడా చెరిగిపోవచ్చు.