ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ ఏళ్ల తరబడి వాడాక: తీయడం సులువైంది, తిరిగి తేవడం సంగతి వేరు

వర్చువల్ మెషిన్ల (వీఎంల) బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ 1.0 వెర్షన్ 2020 నవంబరులో వచ్చింది. అప్పటికే మా వీఎంలు, వాటిని నడిపే ప్రాక్స్‌మాక్స్ వీఈ మీద ఉన్నాయి. బ్యాకప్‌కి మాత్రం దానితోపాటు వచ్చే వీజడ్‌డంప్ అనే టూల్ తీసే ఫైళ్లే దిక్కు. అంటే ప్రతి రాత్రీ ప్రతి వీఎంకీ ఫుల్ బ్యాకప్. 200 జీబీ డిస్కులో పగలంతా కలిపి మారింది 2 జీబీయే అయినా, మొత్తం 200 జీబీ చదవాలి, కుదించాలి, ఇంకో సర్వర్‌లోకి రాయాలి. తెల్లారి జనం లాగిన్ అయ్యే వేళకి కూడా జాబ్ నడుస్తూనే ఉండేది. ఇటు మారాక ఆ బాధ పోయింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద వెర్షన్లన్నీ వరసగా అప్‌గ్రేడ్ చేసుకుంటూ దాన్నే వాడుతున్నాను కాబట్టి, కొత్త మోజు తీరాక మిగిలిన అభిప్రాయం రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. బ్యాకప్ తీసే పనిని ఇది నిజంగానే తేలిక చేసింది. తిరిగి తెచ్చుకునే పనిని అంతగా చేయలేదు. మొదటిది చూసి రెండోదీ అలాగే ఉంటుందనుకునేవాళ్లే ఎక్కువ. అందుకే సెటప్ చేసేటప్పుడు బుర్రంతా షెడ్యూల్ మీద పెడతారు, రిస్టోర్ వైపు కన్నెత్తి చూడరు.

మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు జాబ్ లాగ్ చూస్తూ, "సార్, రోజూ ఇంక్రిమెంటలే పోతోంది కదా, మరి ఫుల్ ఎప్పుడు తీస్తున్నాం?" అని అడిగాడు. పాత పద్ధతి తెలిసినవాళ్లందరికీ వచ్చే సందేహమే ఇది. పాత పద్ధతిలో ఆదివారం ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్, అంటే ముందు రోజు నుంచి మారిన డేటా మాత్రమే. శనివారం నాటి డిస్కు కావాలంటే ఆదివారం ఫుల్‌తోపాటు మధ్యలో ఉన్న ఆరు ఫైళ్లూ బాగుండాలి. బుధవారం ఫైలు పాడైతే గురు, శుక్ర, శనివారాలవి ఉన్నా లేనట్టే. అందుకే ఆ చెయిన్‌ని మరీ పొడుగు కానివ్వకుండా మళ్లీ మళ్లీ ఫుల్ తీస్తుంటారు.

ఇక్కడ చెయినే లేదు. వీఎం డిస్కుని 4 ఎంబీ ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కకీ ఎస్‌హెచ్‌ఏ-256 (ముక్కలోని డేటాని బట్టి వచ్చే, వేలిముద్ర లాంటి విలువ) లెక్కగట్టి, ఆ విలువనే పేరుగా పెట్టి డేటాస్టోర్‌లో (బ్యాకప్‌లు దాచే చోట) ఫైలుగా దాస్తుంది. ఏ రోజు బ్యాకప్ అయినా ఆ ముక్కల పేర్ల జాబితా మాత్రమే. నిన్నటి జాబితాలో ఉన్న ముక్క ఇవాళ కూడా మారకుండా ఉంటే దాన్ని మళ్లీ పంపదు, ఇవాళ్టి జాబితాలో పేరు రాసుకుంటుంది. కాబట్టి ప్రతి బ్యాకప్పూ ఫుల్లే. మధ్యలో ఏ రోజుది తీసేసినా మిగతావాటికి నష్టం లేదు. పది వీఎంలలో ఒకే ఆపరేటింగ్ సిస్టం ఉంటే ఒకేలా ఉన్న ముక్కలు ఒక్కసారే నిల్వ అవుతాయి. దీనికి ఇంకో వైపూ ఉంది: ఒక ముక్క చెడిపోతే, దాన్ని వాడుకునే ప్రతి రోజు బ్యాకప్పూ చెడినట్టే. చెయిన్ రిస్కు పోయి ఆ స్థానంలో ఈ రిస్కు వచ్చింది. ముక్కలు చెడలేదని సరిచూసే వెరిఫై జాబ్ పెట్టకుండా దీన్ని నడపడం నాకు మతిలేని పనిగా కనిపించేది ఇందుకే.

మారిన ముక్కలేవో వెతకడానికి రోజూ డిస్కంతా చదవకుండా, వీఎంని నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూలో డర్టీ బిట్‌మ్యాప్ అనే పట్టిక ఉంటుంది. వీఎం ఎక్కడ రాసినా ఆ 4 ఎంబీ ముక్కకి టిక్ పడుతుంది, రాత్రి టిక్ ఉన్నవాటినే చదువుతుంది. లాగ్‌లో నేను మొదట చూసే లైను ఇదే. "ఎస్‌సీఎస్‌ఐ0: డర్టీ బిట్‌మ్యాప్ స్టేటస్: ఓకే" అని, (ఎస్‌సీఎస్‌ఐ0 అన్నది డిస్కు పేరు) పక్కన ఆ డిస్కు 32 జీబీలో ఇంత డర్టీ అని ఉంటే జాబ్ నిమిషాల్లో అయిపోతుంది. అదే చోట "క్రియేటెడ్ న్యూ" అని కనిపిస్తే ఆ డిస్కు మొదటినుంచి చివరిదాకా చదవాల్సిందే. ఈ పట్టిక క్యూఈఎంయూ మెమరీలో ఉంటుంది. వీఎంని పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే పోతుంది. వీఎం లోపలి నుంచి రీబూట్ చేస్తే ప్రాసెస్ అదే కాబట్టి మిగులుతుంది. పట్టిక పోయినంత మాత్రాన మొత్తం డేటా మళ్లీ నెట్‌వర్క్ మీద పోదు, సర్వర్‌లో ఉన్న ముక్కల్ని వదిలేస్తుంది. చదవడానికి పట్టే సమయం మాత్రం తప్పదు. హోస్టులకి (వీఎంలు నడిచే సర్వర్లకి) అప్‌డేట్లు వేసి వీఎంలన్నీ ఆపి లేపిన రోజు రాత్రి జాబ్ ఎందుకు సాగిందని కంగారుపడేవాళ్లకి జవాబు ఇదే.

ప్రాక్స్‌మాక్స్ లేకుండా లైనక్స్‌లోని ఉత్త కేవీఎం, లిబ్‌వర్ట్‌లతో వీఎంలు నడిపేవాళ్లకి ఈ విషయంలో వేరే పద్ధతి ఉంది. అక్కడ డిస్కు క్యూకౌ2 ఫార్మాట్‌లో ఉంటే బిట్‌మ్యాప్‌ని ఆ ఫైల్లోనే దాచుకోవచ్చు, ఆపి లేపినా పోదు. రా ఫార్మాట్‌లో దాచుకునే చోటు లేదు. చెక్‌పాయింట్లు (మార్పులు ఎక్కడినుంచి లెక్కించాలో చెప్పే గుర్తులు), ఫుల్ ఎప్పుడు, ఇంక్రిమెంటల్ ఎప్పుడు అన్నది మాత్రం మనమే చూసుకోవాలి.

రెండు బ్యాకప్ సర్వర్లుంటే ఒకే వీఎంని ఒక రాత్రి దీనికి, ఇంకో రాత్రి దానికి పంపే ఏర్పాటు పెట్టుకోవద్దు. టార్గెట్ మారిన ప్రతిసారీ బిట్‌మ్యాప్ చెల్లకుండా పోతుంది, రోజూ డిస్కంతా చదువుతూ కూర్చుంటుంది. ఒకదానికే బ్యాకప్ తీసి, రెండోదానికి సింక్ జాబ్‌తో లాక్కోవడం మేలు.

ఇక అసలు సైజుల సంగతి. "మా డేటాబేస్‌లో రోజుకి మారేదెంత, పట్టుమని వంద ఎంబీ ఉండదు, ఇంక్రిమెంటల్ ఇన్ని జీబీలేంటి?" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఒక్క 4 కేబీ రాసినా 4 ఎంబీ ముక్క మొత్తం డర్టీ అవుతుందని గుర్తుపెట్టుకుంటే విషయం తేలిపోతుంది. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ ఇంజిన్‌లో పేజీ సైజు మామూలుగా 16 కేబీ. డిస్కంతా చెదిరి ఉన్న వెయ్యి పేజీలు మారాయనుకోండి. నిజంగా మారింది 16 ఎంబీ. ఒక్కో పేజీ ఒక్కో ముక్కలో పడితే బ్యాకప్ చదవాల్సింది దాదాపు 4 జీబీ. డేటాబేస్ వీఎంలలో ఇది తప్పించుకోలేని ఖర్చు. తప్పించుకోగలిగేవి వేరే ఉన్నాయి. స్వాప్, విండోస్ పేజ్‌ఫైల్, టెంప్ ఫోల్డర్లు, క్యాష్‌లు ఇవన్నీ రోజంతా రాస్తూనే ఉంటాయి, ఒక్కటీ రిస్టోర్‌లో పనికిరాదు. వాటిని వేరే వర్చువల్ డిస్కులోకి మార్చి, ఆ డిస్కు సెట్టింగులో బ్యాకప్ టిక్ తీసేశాను. ఈ ఒక్క మార్పుతో తగ్గినంత సైజు, కంప్రెషన్‌తో కుస్తీ పట్టినా తగ్గదు. ఒక్క జాగ్రత్త: టిక్ తీసేసిన డిస్కు రిస్టోర్‌లో రాదు కాబట్టి, అది లేకుండా వీఎం బూట్ అయ్యేలా లైనక్స్‌లో డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ లైనుకి నోఫెయిల్ పెట్టాలి.

వీఎం డిస్కు సెట్టింగులో డిస్కార్డ్ ఆన్ చేసి, వీఎం లోపల ఖాళీ చోటుని వదిలించే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్ వారానికోసారి నడిస్తే, చెరిపేసిన ఫైళ్ల చోటు సున్నాలుగా మారుతుంది. సున్నాల ముక్కకి చోటు పట్టదు. విండోస్‌లో డీఫ్రాగ్ మాత్రం ఆపేయండి. అది డేటాని అటూ ఇటూ జరిపిన రాత్రి ఇంక్రిమెంటల్ ఫుల్‌తో పోటీ పడుతుంది.

వీఎం లోపల వేసుకునే చిన్న ప్రోగ్రాం, గెస్ట్ ఏజెంట్ గురించి ఎక్కువ చెప్పను, వేసుకోండి అంతే. ఏజెంట్ ఉంటే బ్యాకప్ మొదలయ్యే క్షణంలో ఫైల్‌సిస్టంని ఫ్రీజ్ చేసి వెంటనే వదులుతుంది, విండోస్‌లో అలాంటి పని చేసే వీఎస్‌ఎస్ సర్వీసుని పిలుస్తుంది. లేకపోతే కరెంటు పోయి ఆగిపోయిన మెషిన్ డిస్కు ఎలా ఉంటుందో బ్యాకప్ అలా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ లాంటివి అక్కడినుంచి కూడా కోలుకుంటాయి గానీ, అన్ని అప్లికేషన్ల మీదా ఆ భరోసా పెట్టుకోలేం.

కొత్తలో నన్ను బాగా విసిగించింది బ్యాకప్ నడిచేటప్పుడు వీఎం నెమ్మదించడం. ఇంకా కాపీ కాని చోట వీఎం కొత్తగా రాయబోతే, ముందు పాత డేటాని బ్యాకప్ సర్వర్‌కి పంపి, ఆ తర్వాతే రాయనిస్తుంది. బ్యాకప్ సర్వర్ డిస్కులు నెమ్మదివైతే ఆ నెమ్మది వీఎం మీద పడుతుంది. రాత్రి బ్యాచ్ జాబులు నడిపే వీఎంలో ఇది టైమవుట్ల రూపంలో బయటపడేది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ వీఈ 8.2లో ఫ్లీసింగ్ అనే సదుపాయం ఇచ్చారు. పాత డేటాని ముందు హోస్టులోనే వేగమైన స్టోరేజ్‌లో పడేసి, తీరిగ్గా అవతలికి పంపుతుంది. ఎన్‌వీఎంఈ డిస్కు ఉంటే ఆలోచించకుండా ఆన్ చేయండి. ఇది మొదటినుంచీ ఉండాల్సిన సదుపాయమని నా అభిప్రాయం.

పాతవాటిని తీసేసే దగ్గర రెండు దశలున్నాయి, కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ప్రూన్ చేస్తే పోయేది జాబితా మాత్రమే, చోటు ఖాళీ కాదు. ఎవరికీ అక్కర్లేని ముక్కల్ని ఏరి పారేసేది గార్బేజ్ కలెక్షన్. అది కూడా మామూలు సెట్టింగులో 24 గంటల 5 నిమిషాలకు పైగా ఎవరూ తాకని ముక్కల్నే తీస్తుంది. అంటే డిస్కు నిండిపోతోందని ఇవాళ ప్రూన్ చేస్తే ఇవాళే చోటు దొరుకుతుందన్న ఆశ వద్దు. జడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టం మీద డేటాస్టోర్ నూటికి నూరు శాతం నిండితే గార్బేజ్ కలెక్షనే ఇరుక్కుంటుంది. కోటా పెట్టి కొంత చోటు ఎప్పుడూ అట్టిపెట్టుకోవాలి. నేను రోజువారీ 7, వారానివి 4, నెలవి 6 ఉంచుతాను. బ్యాకప్ లేని రోజులు లెక్కలోకి రావు కాబట్టి, జాబ్ కొన్నాళ్లు ఆగినా పాతవి వాటంతటవే మాయం కావు.

ప్రూన్ హక్కు మాత్రం వీఎంలు నడిపే హోస్టుకి ఇవ్వను. అది లాగిన్ అయ్యే టోకెన్‌కి డేటాస్టోర్ బ్యాకప్ రోల్ ఒక్కటే ఇచ్చి, ప్రూన్ జాబ్ బ్యాకప్ సర్వర్‌లోనే పెట్టాను. హోస్టులోకి ఎవడైనా చొరబడినా ఆ టోకెన్‌తో పాత బ్యాకప్‌లు చెరపలేడు.

ఇప్పుడు రిస్టోర్. 1 టీబీ డేటా అంటే రెండున్నర లక్షల పైచిలుకు ముక్కల ఫైళ్లు. రిస్టోర్ అడిగితే వాటిని డిస్కులో ఎక్కడెక్కడి నుంచో ఏరి తేవాలి. మామూలు హార్డ్ డిస్కులకి ఇది పడదు. నెట్‌వర్క్ మీద నడిచే ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ మీద డేటాస్టోర్ పెడితే ఇంకా అధ్వానం. బ్యాకప్ పది నిమిషాల్లో అయ్యే వీఎం రిస్టోర్‌కి గంటలు పట్టడంలో వింతేమీ లేదు, ఎందుకంటే రాత్రి పంపేది మారిన కొద్దిపాటి డేటా, తిరిగి తెచ్చేది మొత్తం డిస్కు. 500 జీబీ డిస్కుని సెకనుకి 110 ఎంబీ చొప్పున రాసినా గంటా పదిహేను నిమిషాలు. హార్డ్ డిస్కులే వాడక తప్పదంటే, జడ్‌ఎఫ్‌ఎస్‌లో మెటాడేటా కోసం ఎస్‌ఎస్‌డీల జతని స్పెషల్ డివైస్‌గా పెట్టండి. గార్బేజ్ కలెక్షన్ బాగా వేగం పుంజుకుంటుంది. రిస్టోర్ వేగం కావాలంటే మాత్రం డేటా కూడా ఎస్‌ఎస్‌డీల మీదే ఉండాలి, వేరే దారి లేదు.

లైవ్ రిస్టోర్ ఉంది, డేటా వస్తుండగానే వీఎం లేస్తుంది. చూడ్డానికి ముచ్చటేస్తుంది. అయితే మధ్యలో లింకు తెగితే అప్పటిదాకా వీఎం రాసుకున్న కొత్త డేటా పోతుంది. వెబ్ సర్వర్ లాంటివాటికి వాడతాను, డేటాబేస్‌కి వాడను. నిజజీవితంలో ఎక్కువ ఆదుకునేది ఫైల్ రిస్టోర్. ఎవరో ఒక ఫోల్డర్ చెరిపేసుకుంటారు. బ్రౌజర్‌లో బ్యాకప్ తెరిచి, పార్టిషన్‌లోకి వెళ్లి, ఆ ఫోల్డర్‌ని జిప్‌గా దించి ఇచ్చేయడమే. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కులూ తెరుచుకుంటాయి. వీఎంని కదిలించే పనిలేదు.

ఎన్‌క్రిప్షన్ పెట్టుకునేవాళ్లు ఒకటి గమనించాలి. కీ మీ దగ్గర ఉంటుంది, సర్వర్ దగ్గర కాదు. కాబట్టి వెరిఫై జాబ్ ఆ ముక్కల్ని విప్పి చూడలేదు, సీఆర్‌సీ అనే చెక్‌సమ్ సరిపోయిందా అన్నంత వరకే చూస్తుంది. కీ పోతే బ్యాకప్‌లన్నీ పోయినట్టే. ప్రింటు తీసుకోవడానికి పేపర్‌కీ అనే కమాండ్ ఇచ్చారు, దాన్ని వాడి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టండి. కీ ఫైలు ఒక్కటే కాపీ ఉండి, అదీ బ్యాకప్ తీస్తున్న హోస్టులోనే ఉంటే లాభం లేదు.

వెరిఫై పాసైనా వీఎం లేస్తుందన్న గ్యారంటీ లేదు. అందుకే టెస్ట్ రిస్టోర్ చేస్తాను. కొత్త ఐడీతో, యునీక్ టిక్ పెట్టి రిస్టోర్ చేయాలి, లేకపోతే రెండు వీఎంలకి ఒకే మ్యాక్ అడ్రస్ వస్తుంది. స్టార్ట్ చేసే ముందు నెట్‌వర్క్ కార్డు లింకు డిస్‌కనెక్ట్ చేయాలి, లేకపోతే టెస్ట్ కాపీ లేచీ లేవగానే అసలు క్యూలోంచి మెయిళ్లు పంపడం మొదలెడుతుంది. లాగిన్ అయ్యి, డేటాబేస్‌లో చివరి రికార్డు టైము చూసి, అది బ్యాకప్ టైముకి దగ్గరగా ఉందో లేదో సరిచూసుకుంటాను.

నేను వాడిన వెర్షన్లలో ఈ పనంతా దానంతటదే చేసే సదుపాయం లేదు. రిస్టోర్ చేసి, లేపి, ఏజెంట్ పలికిందా అని అడిగి, చెరిపేసే స్క్రిప్ట్ నేనే రాసుకుని నడుపుతున్నాను. రాత్రిపూట బ్యాకప్ జాబుల కోసం ఇంత చక్కటి స్క్రీన్లు కట్టినవాళ్లు, టెస్ట్ రిస్టోర్‌కి ఒక్క ట్యాబ్ ఇవ్వకపోవడం నాకు మింగుడుపడదు. దీనికి నేను ఐదు స్టార్లకి నాలుగే ఇస్తున్నది ఇందుకే.